పెద్దాయన మింగినవి

ఆ ఏడు నువ్వుల కోతకు నేనూ నా కొడుకు ఉపుల్ అడవి చేనులో మూడు రాత్రులు ఉండిపోయాం. నాలుగో రోజు పొద్దున నువ్వుల కట్టలు నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి వంటింటి వెనక మట్టిగోడకు ఎద్దు దూరేంత కంత పడి ఉంది. అందులోంచి అవతలి కొబ్బరిచెట్టు మొదలు కనిపిస్తోంది. ఇవతల తన మంచం మీద కూర్చుని మా అత్తమ్మ డింగిరి అమ్మ చిన్న రోట్లో తాంబూలం దంచుకుంటోంది.

ఉపుల్ కట్ట కింద పడేసి నాయనమ్మ దగ్గరికి పరుగెత్తాడు. "ఆచ్చీ, దెబ్బ తగిలిందా?"

"నాకేం కాలేదురా. పెద్దాయన వచ్చి వెళ్ళాడు."

మా వైపు ఎండాకాలంలో ఎవరూ ఏనుగును ఏనుగు అనరు. పేరెత్తితే పిలిచినట్టే. పెద్దాయన అంటారు.

"మరి అరవలేదా? ముతుబండా మామ ఇల్లు పక్కనేగా?"

"గోడ పడ్డాక అరిస్తే లేచి నిలబడుతుందా? తొండం లోపలికి పెట్టాడు. మొహం మీద ఊపిరి వదిలాడు, ముక్కిపోయిన గడ్డి వాసన. నా మోకాలు తడిమాడు. తినేది కాదని తెలిసి వదిలేశాడు." దంచిన ముద్ద చిగుళ్ళ మధ్య పెట్టుకుని అత్తమ్మ నా చప్పుడు విన్న వైపు తిరిగింది. ఆమె కళ్ళకు అప్పటికే పొర కమ్మి నాలుగేళ్ళు. "అది సరే గాని, గుమ్మి చూడు అమ్మాయ్."

పొయ్యి పక్కన పొగ తగిలేచోట విత్తనాల గుమ్మి ఉండేది. వెదురుతో అల్లి పేడతో అలికింది. మూత మీద అలుకు చెదరలేదు. ముందు నుంచి చూస్తే ఎవరూ ముట్టుకోనట్టే ఉంది. మూత ఎత్తి చెయ్యి పెట్టాను. గుమ్మి వెనక చీలికలోంచి చెయ్యి బయటికి వచ్చింది.

నేనేమీ అనకముందే ఆమెకు తెలిసిపోయింది. "ఏనుగు మింగిన వెలగపండు," అంది, పేరెత్తకూడదన్న సంగతి తనే మరిచిపోయి. పైకి నిండుగా, లోపల ఏమీ లేకుండా పోయినదాన్ని మా వాళ్ళూ అలాగే అంటారు.

ఆ వడ్లు ఆమె పుట్టింటి నుంచి పెళ్ళినాడు కొంగున కట్టుకుని తెచ్చినవి. మొలక మొదలు ఎర్రగా, గోరింట పెట్టినట్టు ఉంటుంది. అన్నం తియ్యగా ఉంటుంది. ఆమె పుట్టిన ఊరు ఇప్పుడు పెద్ద ఆనకట్ట నీళ్ళ కింద ఉంది. ఆ విత్తనం ఇంకెవరి దగ్గరా లేదు. ఏటా వప్ నెలలో పడే తొలి వానకు కాస్త చల్లి, పండినదాంట్లో కాస్త దాచి, అరవై ఏళ్ళుగా అలా నడుపుకుంటూ వచ్చింది. తినే వడ్లు ఎక్కడైనా దొరుకుతాయి. ఇవి దొరకవు.

నేల మీద రాలినవైనా ఏరుదామని వంగితే ఒక్క గింజ లేదు. ముతుబండా అన్న కోళ్ళు మాకంటే ముందే వచ్చి వెళ్ళాయి. ఆయన కంత బయట నిలబడి తల గోక్కుంటున్నాడు.

"మామా, నీ కోళ్ళకు పొద్దున్నే మా ఇంట్లో పనేంటి?" అన్నాడు ఉపుల్.

"వాటికేం తెలుసురా, గోడ లేకపోతే వీధే అనుకుంటాయి."

"సగం నేరం పెద్దాయనది, సగం నీ కోళ్ళది," అంది అత్తమ్మ లోపలి నుంచి. "పెద్దాయన్ని కోసుకు తినలేం. కోళ్ళ సంగతి ఆలోచించు, ముతుబండా."

ఆయన నవ్వాడు. ఉపుల్ నవ్వలేదు. గోడ పెళ్ళ ఒకటి అత్తమ్మ మంచం కోడును ఆనుకుని పడి ఉంది. రెండు జానల ఇవతల ఆమె తల ఉండేది. వాడు ఆ పెళ్ళనే చూస్తున్నాడు. ముసలామెను ఒక్కదాన్నే వదిలి వెళ్ళింది మేమేనని నాకూ తెలుసు, వాడికీ తెలుసు.

"ఆ పెద్దాయన పని నేను చూస్తాను," అన్నాడు.

నాకు కోపం కంటే ముందు వేరే ఆలోచన వచ్చింది. పెద్దాయన ఊళ్ళో పది పెరళ్ళు దాటుకుని వచ్చాడు. దారిలో పనస ఉంది, లేత కొబ్బరి ఉంది, ముతుబండా అన్న పెరట్లో గుమ్మడి పాదు ఉంది. అవన్నీ వదిలి మా గోడే ఎందుకు?

*

మధ్యాహ్నం ముతుబండా అన్నతో అడుగుల వెంట వెళ్ళాను. ఆయన కుర్రతనంలో ఏనుగులు పట్టేవాళ్ళ దగ్గర పనిచేశాడు. వద్దన్నా ఊరుకోనని తెలిసి తాడు ముక్క తెచ్చుకున్నాడు.

అడవి మొదట్లో ఒక వీర చెట్టు ఉంది. లోపలికి పోయేవాళ్ళు ఎవరైనా ఒక పచ్చి రెమ్మ విరిచి దాని కొమ్మకు తగిలించి, అయ్యనాయక దేవుడా, చల్లగా తిరిగి పంపు అని దణ్ణం పెట్టి వెళ్ళాలి. ఇద్దరం రెమ్మలు తగిలించి లోపలికి నడిచాం.

దుమ్ములో ముందుకాలి అడుగు దొరికింది. గంపంత గుండ్రంగా. ముతుబండా అన్న తాడును దాని చుట్టూ తిప్పి, కొలిచి, మళ్ళీ అంత కలిపాడు. "ముందు అడుగు చుట్టుకొలత రెండింతలు చేస్తే భుజం ఎత్తు. ఇదిగో, మీ ఇంటి చూరు అందుకుంటాడు. కొమ్ముల్లేని మగాడు. మన దీవిలో చాలామంది మగాళ్ళు బోసి మూతి వాళ్ళే."

"అడుగు ఇంత నున్నగా ఉందేంటన్నా?"

ఆయన వంగి చూశాడు. వయసు మీదున్నదాని అరికాలు బీటలువారిన చెరువులా ఉంటుందట. ప్రతిదానికీ ఆ గీతలు వేరట. ఇందులో గీతలు లేవు. అరిగిపోయిన చెప్పు అడుగులా ఉంది.

కొంచెం ముందుకు పోతే దారిలో పిడికెడంత గడ్డి ఉండలు కనిపించాయి. ఒకటి, పది అడుగుల అవతల ఇంకొకటి. తడి ఆరిపోయి, పీచు పీచుగా. ఒకటి తీసి కొంగున కట్టుకున్నాను.

"అది దేనికి?"

"ఏంటో తెలియదు కాబట్టి."

తర్వాత పెంట. నాకు చిన్నప్పటి నుంచీ అసహ్యం లేదు. పుల్లతో విప్పాను. పీచులు మూర పొడుగున తెగకుండా అలాగే ఉన్నాయి. మధ్యలో రెండు వెలగపండ్లు. గీత పడలేదు, పగల్లేదు. చెట్టు కింద ఏరుకున్నట్టే ఉన్నాయి.

"సామెత చూశావా, ఎంత నిజమో," అన్నాడు ముతుబండా అన్న. "గుజ్జంతా లాగేసుకుని డిప్ప వదిలేస్తాడు. చిల్లు కూడా కనిపించదు."

"ఎలా లాగుతాడు, చిల్లు లేకుండా?"

"అదే కదా గొప్ప."

ఆయన డెబ్భై ఏళ్ళలో ఎప్పుడూ ఒకటి పగలగొట్టి చూడలేదట. పెంటలో పండు ఎవరు పగలగొడతారు? కాలవలో కడిగి రెండూ ఇంటికి తెచ్చాను. నువ్వులు నూరే రాయి మీద ఒకటి పెట్టి రోకలి బండతో ఒక్క దెబ్బ వేశాను.

లోపల గుజ్జు నిండుగా ఉంది. కొంచెం పులిసింది. అంతే.

రెండోది కూడా కొట్టాను. అదీ నిండుగానే ఉంది.

అత్తమ్మకు చెబితే గడ్డి ఉండ ఇమ్మంది. రెండు చేతుల్లో పెట్టుకుని వేళ్ళతో విప్పింది. వాసన చూసింది. తర్వాత పక్కనున్న తన ఉమ్మి కుండలోంచి పొద్దుటి తాంబూలం పిప్పి తీసి దాంతో పోల్చి తడిమింది. 

"ఇది నమిలి ఉమ్మింది కాదు అమ్మాయ్. చప్పరించి ఉమ్మింది. నాలాగే. వాడికి పళ్ళు లేవు."

చూరు కింద కత్తి నూరుకుంటున్న ఉపుల్ తల ఎత్తాడు. "గోడ తొయ్యడానికి పళ్ళెందుకు ఆచ్చీ?"

"అందుకు కాదురా. ఎందుకొచ్చాడో చెబుతున్నాను. నాకోసం మీ అమ్మ రోజూ గంజి కాస్తుంది, గుమ్మడి ఉడకేసి మెదుపుతుంది. కడిగిన కుండ నీళ్ళు గోడ వెనకే పోస్తుంది. ఊళ్ళో మెత్తటి కూడు వాసన వచ్చే ఇల్లు ఇదొక్కటే."

"అయితే మళ్ళీ వస్తాడు," అన్నాడు ఉపుల్.

 వాడన్నది నిజమే.

*

ఆ తర్వాతి నికిణి నెలంతా నేను రోజు విడిచి రోజు అడవి అంచుకు వెళ్ళాను. కట్టెలకని చెప్పేదాన్ని. కట్టెలూ తెచ్చేదాన్ని. అప్పటికి నాకు అక్షరాలు రావు. చూసింది మరిచిపోకుండా ఉండాలంటే గుర్తు ఏదో ఒకటి కావాలి. పెంటలో దొరికిన ప్రతి వెలగపండూ తెచ్చి, రాయి మీద కొట్టి, డిప్ప కడిగి పిట్టగోడ మీద వరసగా బోర్లించేదాన్ని. నిండుగా ఉన్నవి ఒక వరస. ఖాళీగా ఉన్నవి ఇంకో వరస పెడదామని చోటు వదిలాను. ఆ వరసలో ఒక్క డిప్ప కూడా పడలేదు.

"అమ్మ దుకాణం పెట్టింది," అని ఉపుల్ ఎగతాళి చేసేవాడు. "ఎంతకిస్తావు అమ్మా, పెంటలో పుట్టిన డిప్ప?"

"నీకు పిల్లనిచ్చే మామకు ఊరికే ఇస్తాను," అనేదాన్ని.

ఒకసారి చెరువు గట్టు పక్క బండ మీద నుంచి పెద్దాయన్నే చూశాను. ముతుబండా అన్న చూపించాడు. చెరువు సగానికి ఎండి, నీళ్ళు తీసిన మేర పచ్చగడ్డి లేచింది. ఆడవి, పిల్లలు, నలభై దాకా మేస్తున్నాయి. ముందుకాలి గోళ్ళతో గడ్డి మొదలు తన్ని, తొండంతో చుట్టి పీకి, మట్టి రాలేదాకా కాలికేసి కొట్టుకుని అప్పుడు నోట్లో పెట్టుకుంటున్నాయి. మా అత్తమ్మ ఆకుకూర దులిపినట్టే. చిన్నదొకటి తల్లి నోట్లో తొండం పెట్టి, ఏం తింటున్నావో చూపించు అన్నట్టు తీసుకుంది.

పెద్దాయన దూరంగా, నీళ్ళ అంచున ఒక్కడే ఉన్నాడు. కణతల దగ్గర కొబ్బరిచిప్ప పట్టేంత గుంటలు. చెవుల పైఅంచు ముందుకు మడత పడిపోయింది. చెవుల మీదా తొండం మీదా రంగు పోయి గులాబీ మచ్చలు. వెన్నెముక చూరు దూలంలా పొడుచుకొచ్చింది. తోకకు వెంట్రుకల్లేవు. నీళ్ళలో నాచు తీసి నోట్లో పెట్టుకుని, చాలాసేపు దవడ ఆడించి, కింద పడేశాడు. మళ్ళీ తీశాడు.

"మనకు పళ్ళు రెండుసార్లు వస్తాయి," అన్నాడు ముతుబండా అన్న. "వాళ్ళకు ఆరుసార్లు. కింద రోలంత, పైన రోలంత. ఒకటి అరిగితే వెనక నుంచి ఇంకొకటి తోసుకుంటూ ముందుకొస్తుంది. ఆరోది కూడా అరిగితే వెనక ఇంకేమీ ఉండదు. రోజంతా మేస్తాడు, లోపలికి పోయింది పోయినట్టే బయటికొస్తుంది."

అప్పుడు నాకు సామెత తిరగబడి కనిపించింది. వెలగపండు నిండుగానే ఉంది. ఖాళీ అయిపోతున్నది మింగినవాడు.

ఆ సాయంత్రం ఉపుల్‌కు చెప్పాను. "వానల దాకా కూడా ఉండడురా. గంజి కుండ ముతుబండా వాళ్ళింట్లో పెడదాం. వాసన లేకపోతే రాడు."

"ఎన్నాళ్ళని? ఒక్కసారి వస్తే చాలమ్మా. ఆ పెళ్ళ ఎంత దగ్గర పడిందో నువ్వు కొలిచావా? అడుగులన్నీ కొలిచావు, అది కొలవలేదు."

అది నాకు గట్టిగా తగిలింది.

*

దాని తర్వాతి బినర నెల మొదట్లో ఉపుల్ రెండు రోజులు కనిపించకుండా తిరిగాడు. ఎక్కడికిరా అంటే సంత అన్నాడు. మా వైపు సంతలో చూపించి అమ్మని సరుకొకటి ఉంది. దవడ పటాసు అంటారు. పేలుడు మందు గట్టిగా చుట్టి పండులో దాచి ఏనుగుల దారిలో పెడతారు. కొరికితే పేలుతుంది. దవడ పోతుంది. అక్కడికక్కడే చావదు, తినలేక నెల్లాళ్ళు తిరిగి చస్తుంది. పెట్టినవాడి పేరు ఎవరూ అడగరు.

నేను ఆ మాట మనసులోకి రానివ్వలేదు. నా కొడుకు అలాంటివాడు కాదనుకున్నాను. అనుకుంటూనే మూడో రోజు పొద్దున అడవి మొదట్లో వీర చెట్టు దగ్గర ఆగిపోయాను.

నాకంటే ముందు ఎవరో రెమ్మ తగిలించి వెళ్ళారు. ఆకు ఇంకా వాడలేదు. అందరూ రెమ్మ పంగ పైకి ఉండేలా తగిలిస్తారు. అది తలకిందులుగా, పంగ కిందికి వేలాడుతోంది. మా ఆయన అలాగే తగిలించేవాడు, గాలికి పడదని. ఆయన పోయాక ఈ ఊళ్ళో అలా తగిలించేది ఒక్కడే.

చెడ్డ పనికి పోతూ కూడా దేవుడికి రెమ్మ ఇచ్చే వెళ్ళాడు. అక్కడ నిలబడి చాలాసేపు దాన్ని చూశాను. తీసేద్దామా అనిపించింది. తియ్యలేదు. వాడు చల్లగా తిరిగిరావాలి కదా.

ఆ రోజంతా చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. ఏ చప్పుడూ రాలేదు. మర్నాడూ రాలేదు. అమ్మయ్య, నా అనుమానమే అనుకున్నాను.

ఆ తర్వాతి రోజు చెరువు దారిలో పెంట దొరికింది. మూడు వెలగపండ్లు ఉన్నాయి. కడిగి కొంగులో వేసుకుని ఇంటికి వచ్చాను. మొదటిది కొట్టాను, నిండుగా ఉంది. రెండోది కొట్టాను, నిండుగా ఉంది. మూడోది రాయి మీద పెట్టి, దొర్లకుండా ఎడమచేత్తో పట్టుకుని, బండ ఎత్తాను.

వేలికి ఏదో గరుకుగా తగిలింది. డిప్ప నడుం చుట్టూ సన్నటి గీత. గీత పొడుగునా మైనం. తేనె పట్టు మైనం, పనస బంకతో కలిపింది. చెరువులో మా పడవకు చిల్లు పడితే ఉపుల్ వేసే మాటు అదే.

బండ పక్కన పెట్టాను. చప్పుడు కాకుండా పెట్టాను.

పెద్దాయన కొరకలేదు. కొరకడానికి ఏమీ లేదు. అన్నిటితో పాటు మింగాడు, అన్నిటితో పాటు వదిలేశాడు.

నీళ్ళ కుండలోకి ఆ పండును నెమ్మదిగా దించాను. 

మధ్యాహ్నం ఉపుల్ అన్నానికి వచ్చాడు. రాగి సంకటి, ఎండు చేప పులుసు వడ్డించాను. పిట్టగోడ మీద కొత్త డిప్పలు వాడికి కనిపించాయి.

"ఇవాళ ఎన్ని దొరికాయేంటి?"

"మూడు."

"రెండే ఉన్నాయే అక్కడ."

"మూడోది కుండలో ఉంది."

వాడు లేచి కుండలోకి చూశాడు. తర్వాత నువ్వుల రాయి వైపు చూశాడు, దాని పక్కనున్న బండ వైపు చూశాడు, నా ఎడమచేతి వైపు చూశాడు. నేను సంకటి ఇంకో ముద్ద వేశాను.

"తిను, చల్లారిపోతుంది."

వాడు తినలేదు. చాలాసేపు గుమ్మంలో కూర్చున్నాడు. తర్వాత కుండను రెండు చేతులతో, నీళ్ళు తొణకకుండా, నిండు చూలాలిని పట్టుకున్నట్టు పట్టుకుని బయటికి నడిచాడు. పొద్దువాలాక ఉత్త చేతులతో వచ్చాడు. ఆ కుండ మళ్ళీ మా ఇంటికి రాలేదు. నేను అడగలేదు.

మర్నాడు పొద్దున లేచి చూస్తే అత్తమ్మ మంచం ఇంటి ముందు గదిలోకి చేరింది. వంట సామాను సగం ముతుబండా అన్న ఇంటికి పోయింది. ఉపుల్ మట్టి తొక్కుతున్నాడు, అన్నాళ్ళూ తడిక అడ్డం పెట్టిన కంతకు గోడ పెట్టడానికి.

"నా మంచం ఎవరు జరిపారు?" అంది అత్తమ్మ.

"నేనే ఆచ్చీ."

"ముందే జరపాల్సింది," అంది ఆమె. మంచం సంగతే అన్నదో ఇంకేమన్నదో. కళ్ళు లేకపోయినా ఆ ఇంట్లో ఆమెకు వినపడనిది లేదు.

*

వప్ నెల రెండో వారంలో వాన పడింది. వాన పడగానే అడవంతా చిగురుపెడుతుంది, మందలు చెదిరిపోతాయి. పెద్దాయన ఎక్కడికీ పోలేదు. చెరువు లోపలి బురదలో, మెత్తటి నాచు దగ్గర, ముందుకాళ్ళు మడిచి కూర్చుని అలాగే పోయాడు. నిద్రపోతున్నాడనుకుని ఊళ్ళోవాళ్ళు ఒక పూటంతా గట్టు దిగలేదు.

ఉపుల్, నేను, ముతుబండా అన్న వెళ్ళాం. ఎవరో తలమీద పచ్చి కొబ్బరాకు కప్పారు. కింది పెదవి జారి నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఉపుల్ మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి తడిమాడు.

"నున్నగా ఉందమ్మా," అన్నాడు. "సానరాయిలాగా." చెయ్యి వెంటనే తియ్యలేదు.

తిరిగి వచ్చేటప్పుడు వాడు ముందు నడిచాడు. వీర చెట్టు చేరకముందే, నువ్వుల కోతప్పుడు ఎసల నెలలో నేను పుల్లతో విప్పి చూసిన పెంట దగ్గర వాడు ఉన్నట్టుండి ఆగాడు. ఎండకు అట్టలా ఎండిపోయి, వానకు మెత్తబడి ఉంది. దాని నిండా పచ్చగా, దువ్వెన పళ్ళంత దగ్గరగా మొలకలు. గడ్డేమోననుకున్నాను. ఉపుల్ ఒకటి మెల్లగా పీకి నా చేతిలో పెట్టాడు. కింద వడ్ల పొట్టు ఇంకా అంటుకునే ఉంది. ఆ రోజు పీచులో కలిసిపోయి గింజలు నా కంటపడలేదు. మొలక మొదలు ఎర్రగా, గోరింట పెట్టినట్టు ఉంది.

అప్పటి నుంచి చీకటి పడేదాకా పెద్దాయన నడిచిన దారంతా తిరిగాం. నేను చూపించాను, ఉపుల్ వేళ్ళు తెగకుండా మట్టితో సహా పెకలించి గంపలో పెట్టుకున్నాడు. రెండు నెలలు కట్టెలకని వెళ్ళి నేను చూసిన చోట్లన్నీ నాకు గుర్తే. ముతుబండా అన్న గంప మోశాడు, కోళ్ళ బాకీ తీరిందని చెప్పి మరీ మోశాడు.

అత్తమ్మ ముందు గుమ్మంలో కూర్చుని ఉంది. గంప ఆమె ఒళ్ళో పెట్టాం. వేళ్ళతో మొలక మొదలు తడిమింది. ఆకు చివర కొంచెం తుంచి నాలుక మీద పెట్టుకుంది. గోడకు తల ఆనించింది. వాన చినుకులు చూరు నుంచి పడుతున్నాయి.

తర్వాత చేత్తో వెతికి ఉపుల్ తల పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"తీసుకున్నదల్లా తిరిగి ఇచ్చాడురా పాపం," అంది. "నాదీ. నీదీ."